ఓటు గంట మోగేలోపు

కాల్డర్‌షా,
నవంబరు, ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకి,

నీ చెల్లెలు రొవీనా ప్రేమతో రాస్తున్నది. నేనూ, మీ బావగారూ, నీ మేనకోడలు ఈడీ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ వదినా కులాసాగా ఉన్నారనుకుంటాను. మీకక్కడ ఎండాకాలం మొదలై ఉంటుంది. ఇక్కడ టీ తాగి కప్పు కింద పెట్టేలోపే చీకటి పడిపోతోంది.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. ఫాక్‌లాండ్స్ నుంచి కవరు వస్తే చాలు, పెంగ్విన్ బొమ్మ స్టాంపు కోసం ఈడీ పరిగెత్తుకొస్తుంది కదా. ఈసారి ముందు నేనే లాక్కున్నాను. చేతిరాత నీదేనని చూసుకుని, వేళ్లతో తడిమి, లోపల కాగితం తప్ప ఏమీ లేదని తేల్చుకున్నాక దానికిచ్చాను. "నాకెందుకు ఇవ్వవు మమ్మీ?" అని అది అలిగింది. ఈమధ్య మా ఇంట్లో కవర్లు అలాగే తెరుస్తున్నాం.

నీ ప్రశ్నలన్నిటికీ జవాబులు రాస్తాను. వంటింటి పైకప్పు బాగుచేయించాం, ఇప్పుడు కారడం లేదు. ఈడీ ఈత ఇంకా నేర్చుకుంటోందా అన్నావు. మానిపించాను, ఎందుకో తర్వాత చెబుతాను. మన ఊరి బరో కౌన్సిల్‌ని నిజంగానే ఎత్తేస్తారా అని అడిగావు. ఎత్తేస్తారు అన్నయ్యా. చిన్న చిన్న కౌన్సిళ్లన్నీ కలిపి జిల్లా అంతటికీ ఒకే పెద్ద కౌన్సిల్ పెడతారు. చెత్తబండి ఒకరిది, ముసలివాళ్ల సంరక్షణ ఇంకొకరిది, రోడ్డు గుంత మూడోవాడిది అన్న గందరగోళం పోతుందని మా ప్రభుత్వం వాదన. అది అబద్ధమేమీ కాదు. నేనూ ఆ పార్టీ తరఫునే పార్లమెంటుకి గెలిచాను కదా, ఎన్నికల్లో ఆ మాట నేనూ చెప్పాను. కానీ ఊరివాళ్లని ఒక్క మాట అడక్కుండా, ఈ సంవత్సరం జరగాల్సిన ఎన్నికలు కూడా ఆపేసి, ఊళ్లో ఉన్న కౌన్సిల్‌ని తీసేస్తామంటే నాకు మింగుడుపడలేదు. ఏ ఊరి కౌన్సిల్ పోవాలన్నా ముందు ఆ ఊళ్లో ఓటింగు పెట్టాలని కొందరం ఆ కౌన్సిళ్ల బిల్లుకి ఒక సవరణ ప్రతిపాదించాం. దానికే ఓటేస్తానని జూన్‌లోనే మా పార్టీ విప్‌కి చెప్పేశాను. ఈ ముక్క గుర్తుపెట్టుకో.

నార్మన్ మామయ్య దీన్ని ఎలా తట్టుకుంటున్నాడని కూడా అడిగావు. నాన్న పోయినప్పటి నుంచి మనకి ఇంట్లో మామయ్య ఎంతో, మామయ్యకి టౌన్ హాల్ అంత. ఎన్నిసార్లు గెలిచాడో, ఆ కౌన్సిల్ కుర్చీలో ఎన్నేళ్లు కూర్చున్నాడో నీకు తెలుసు. ఆయన కన్నబిడ్డలా చూసుకున్న ఆ భవనాన్ని రేపు పెళ్లిళ్ల హాలుగా అద్దెకిస్తారట. వేసవి నుంచి ఆయన నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆయన సంగతి చివర్లో రాస్తాను.

ఇక ఫోన్ ఎందుకు చెయ్యడం లేదని కోప్పడ్డావు, చేసినా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నానన్నావు. అన్నయ్యా, ఫోన్ మోగితే నాకు ఎత్తాలనిపించడం లేదు. అందుకే ఇలా కాగితం మీద రాస్తున్నాను.

అక్టోబరులో మొదలైంది. మా నియోజకవర్గం ఆఫీసు నడిపే గ్లెనిస్ నీకు తెలుసుగా, ఎర్రజుట్టు గ్లెనిస్, స్కూల్లో నీకు భోజనం వడ్డించేది. ఆఫీసు ఫోన్‌లో రాత్రి వచ్చిన మాటలన్నీ పొద్దున్నే ముందు వినేది ఆమే. ఒకరోజు నేను వెళ్లేసరికి కోటు కూడా విప్పకుండా కూర్చుని ఉంది.

"ఇది నువ్వు విను రో. నాకు మళ్లీ వినాలని లేదు" అంది.

మగగొంతు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని గుసగుసగా మాట్లాడినట్టుంది. "ఆ బిల్లుకి చెయ్యెత్తి చూడు. ఈ ఊళ్లో ఒంటరిగా నడవలేవు" అన్నాడు. అంతే.

అలాంటివి మాకు కొత్త కాదు. "మా ఆయన గురకే నయం, దానికి ఒక అర్థం ఉంటుంది" అని గ్లెనిస్ నవ్వేసి పోలీసులకి చెప్పింది. నేనూ నవ్వాను. తర్వాతి వారం రెండోది వచ్చింది. అదే గుసగుస. "మీ వెనక గేటు తోస్తే రాదు కదూ, పైకెత్తి తొయ్యాలి. నాకు తెలుసులే."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి గేటు ముందు నిలబడ్డాను. రోజూ ఎత్తి తోసే గేటే. చెయ్యి వెయ్యలేకపోయాను. సందు చుట్టూ తిరిగి వీధివైపు నుంచి వెళ్లి, మా ఇంటి గంట నేనే కొట్టాను. మీ బావగారు తలుపు తీసి "తాళం పోగొట్టుకున్నావా?" అన్నాడు. ఔనన్నాను.

సార్జెంట్ మెక్‌కే అనే ఆయన వచ్చి కిటికీలకి కొత్త గొళ్లాలు వేయించాడు. మెళ్లో వేసుకోవడానికి ఒక బిళ్ల ఇచ్చాడు, నొక్కితే పోలీసులు వస్తారు. "గేటు సంగతి ఎవరెవరికి తెలుసు మేడమ్?" అని అడిగాడు. మీ బావగారి పేరు, పక్కింటివాళ్ల పేరు, గ్యాసు మనిషి పేరు చెప్పాను. ఒక పేరు మాత్రం చెప్పలేదు. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి నేను బతికిన బతుకు ఎలా చెప్పను! శుక్రవారాలు లైబ్రరీలో జనాన్ని కలుస్తాను కదా. ఒక ముసలాయన పెన్షన్ గురించి మాట్లాడుతూ కళ్లజోడు కోసం కోటు జేబులో చెయ్యి పెట్టాడు. నేను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. పాపం ఆయన రెండు చేతులూ పైకెత్తేసి "కళ్లజోడమ్మా, కళ్లజోడే" అన్నాడు. ఆయనకి క్షమాపణ చెప్పుకుని, పడిన కుర్చీ ఎత్తి పెట్టుకున్నాను. ఈత కొలను దగ్గర అద్దాల గోడలు, బయట నిలబడి ఎవరైనా చూడొచ్చు. అందుకే ఈడీని మానిపించాను. దానికి చెవి నొప్పని అబద్ధం చెప్పాను. "నాకు చెవి నొప్పి లేదే" అని అద్దంలో చెవి చూసుకుంటుంది పిల్ల.

లండన్‌లో ఇంకో భయం. మా విప్ ఇమోజెన్ క్లే నన్ను టీకి పిలిచింది. మంచి మనిషే, కానీ పని విషయంలో కత్తి.

"సవరణకి ఓటేస్తానన్నావు. ఇప్పటికీ అదేనా?" అంది.

"జూన్‌లోనే చెప్పానుగా."

"జూన్ వేరు. అప్పటికి నీకు ఈ ఫోన్లు రాలేదు. ఇప్పుడు నువ్వు ప్రభుత్వానికి ఎదురు ఓటేస్తే, ఆ ఫోన్ చేసినవాడు ఏమనుకుంటాడు? బెదిరిస్తే పని అవుతుందనుకుంటాడు. రేపు మనలో ప్రతివాళ్లకీ ఒక గొంతు ఫోన్ చేస్తుంది."

"నేను ముందే అనుకున్నాను ఇమోజెన్. నీకు తెలుసు."

"నాకు తెలుసు. వాడికి తెలీదుగా."

టీ సగంలో వదిలేసి లేచాను. రైల్లో వస్తూ అదే ఆలోచన. ఎటు వేసినా ఆ ఓటు నాది కాకుండా పోయింది. సవరణకి వేస్తే వాడికి లొంగినట్టు, వెయ్యకపోతే వాడికి లొంగలేదని చూపించుకోవడానికి నా మనసుకి విరుద్ధంగా వేసినట్టు.

మూడోది ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. నేను ఆఫీసుకి వెళ్లేసరికి గ్లెనిస్ బాత్‌రూమ్‌లో వాంతి చేసుకుంటోంది. ఫోన్ నేనే నొక్కాను. "పసుపు కోటు పిల్ల. స్కూలు వదిలాక గోడ పక్కన నిలబడుతుంది, అమ్మ ఎప్పుడూ ఆలస్యమే." మళ్లీ గుసగుసే.

గ్లెనిస్ గోడ పట్టుకుని వచ్చింది. "పోలీసులకి చెప్పేస్తున్నా" అంది.

"నేను వచ్చేదాకా ఆగు" అన్నాను.

"ఏం మాట్లాడుతున్నావే! పిల్ల స్కూల్లో ఉంది!"

"ఆగమన్నానా!" అని అరిచి బయటికి వచ్చేశాను. నా బతుకులో ఆమె మీద అరవడం అదే మొదటిసారి.

ఎందుకు ఆగమన్నానంటే, ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. గేటు మాట విన్న రాత్రే తెలిసిపోయింది. ఆ గేటు సంగతి తెలిసినవాళ్లలో, ఈ బిల్లు మీద అంత కోపం దాన్ని బిగించినవాడికి తప్ప ఎవరికి ఉంటుంది? కుంగిన నేల మీద దాన్ని నిలబెట్టి, "ఇలా ఎత్తి తొయ్యవే, రాణీగారి కోటలా తెరుచుకుంటుంది" అని నాకు నేర్పినవాడే. సార్జెంటుకి చెప్పని పేరు అదే అన్నయ్యా. నార్మన్ మామయ్య.

ఈ మాట నీకు రాయాలనే కూర్చున్నాను, ఇన్ని పేజీలు దాటవేశాను. తెలిసి కూడా మూడు వారాలు నోరు మూసుకున్నాను. మామయ్యే కదా, మనల్ని ఏం చేస్తాడు, వయసు మీద పడి కోపంలో చేశాడు, తగ్గిపోతుంది అనుకున్నాను. గ్లెనిస్ ప్రతి ఉదయం బిక్కుబిక్కుమంటూ ఆ ఫోన్ ఎత్తుతుంటే చూస్తూ ఊరుకున్నాను. నా భయం కూడా అంతే విచిత్రం. మనిషి ఎవరో తెలుసు, అయినా గేటు ముట్టుకోలేను. నన్ను పెళ్లిలో చెయ్యి పట్టి చర్చిలోకి నడిపించిన మనిషి నన్ను భయపెట్టాలనుకున్నాడన్నదే నన్ను భయపెట్టింది.

ఆ మంగళవారం పిల్లని స్కూల్లోనే వదిలేసి సరాసరి మామయ్య ఇంటికి వెళ్లాను. కెటిల్ పొయ్యి మీద ఉంది. పార్కిన్ అల్లం కేకు ముక్కలు కోస్తున్నాడు. నన్ను చూసి ముఖం విప్పారింది, మళ్లీ ముడుచుకుంది.

"దారి తప్పావేంటే? టీ పోయనా?"

"మామయ్యా, మా వెనక గేటు ఎత్తి తొయ్యాలని ఫోన్‌లో చెప్పింది నువ్వేగా?"

కత్తి కేకులోనే ఆగింది.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. బిగించింది నువ్వు."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. బల్లమీద పడ్డ కేకు పొడి గోటితో గీకాడు. "నీ దగ్గరికొచ్చి అడగాలని రెండుసార్లు బయల్దేరానే. నోరు రాలేదు. ఇన్నేళ్లలో నేను ఎవరినీ ఏదీ అడగలేదు."

"బతిమాలడానికి రాని నోరు బెదిరించడానికి వచ్చిందా?"

"నిన్ను నేనేం చేస్తాననుకున్నావే? నా చేతుల్లో పెరిగినదానివి!"

"నాకు తెలుసు. గ్లెనిస్‌కి తెలుసా? ఆవిడ ఇప్పుడు వాంతి చేసుకుంటోంది. నన్నంటే అన్నావు. పసుపు కోటు అంటూ ఈడీ మాట ఎత్తడానికి నీకు మనసెలా వచ్చింది?"

మామయ్య తలెత్తాడు. "ఈడీ మాటేంటి?"

"ఇవాళ నువ్వు చెప్పిందే. స్కూలు గోడ దగ్గర నిలబడుతుందని."

అన్నయ్యా, ఆ ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. రంగంతా దిగిపోయింది. "అమ్మాయ్, అది నేను కాదు" అన్నాడు. "రెండుసార్లు చేశాను. తాగి ఒకసారి, తాగకుండా ఒకసారి. ఇవాళ నేను ఎవరికీ చెయ్యలేదు. పిల్ల ఊసు నేనెందుకు ఎత్తుతానే!"

అప్పటిదాకా ఆ గుసగుసకి నాకు తెలిసిన ముఖం ఒకటి ఉంది. ఆ క్షణంలో ఆ ముఖం పోయింది. ఎవడో ఒకడు, నాకు బొత్తిగా తెలియనివాడు, నా బిడ్డ ఎక్కడ నిలబడుతుందో చూసి వచ్చాడు. నేనేమో మామయ్యే కదా అని పోలీసులని ఆపి ఇక్కడ పార్కిన్ కేకు ముందు కూర్చున్నాను. మెళ్లో బిళ్ల నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో తెలీదు, వేలు మీద గుర్తు పడింది.

"నడు, కారు తీస్తాను" అన్నాడు మామయ్య. స్లిప్పర్లతోనే పరిగెత్తాడు.

స్కూలు వదిలే వేళ. గేటు ముందు రోజూ కనిపించే తల్లులు, తండ్రులు, తాతలు. వాళ్లలో సగంమందికి నేను పేరుపెట్టి హలో చెబుతాను. ఆ రోజు ఒక్కో ముఖం చూస్తుంటే ప్రతివాడూ వాడే అనిపించింది. గొడుగు మడుస్తున్నవాడు వాడే, బస్ షెల్టర్లో ఫోన్ చూసుకుంటున్నవాడు వాడే. ఒకాయన "హలో రొవీనా" అని చెయ్యెత్తితే నేను గోడకి అతుక్కుపోయాను.

ఈడీ లోపలే ఉంది. హెడ్‌మిస్ట్రెస్ గదిలో సార్జెంట్ మెక్‌కే టోపీ పెట్టుకుని బిస్కెట్లు తింటోంది. నేను వెళ్లిన మరుక్షణమే గ్లెనిస్ పోలీసులకి ఫోన్ చేసేసిందట. "నువ్వు ఆగమన్నావు. నేను ఆగలేదు. ఉద్యోగం తీసేస్తావా తీసేసుకో" అంది తర్వాత. ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను.

సార్జెంట్ గేటు దగ్గరికి వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే మామయ్య ముందుకు నడిచాడు. తడిసిన స్లిప్పర్లతో, అంతమంది వింటుండగా అన్నాడు: "ముందు వచ్చిన రెండు ఫోన్లూ నావి. కౌన్సిలర్ నార్మన్ హెస్కెత్. ఇవాళ్టిది నాది కాదు. నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి, ముందు వాణ్ణి పట్టుకోండి."

తల్లులందరూ మాటలు ఆపేశారు. ఆయనకి ఓటేసినవాళ్లే వాళ్లంతా.

సార్జెంట్ నన్ను పక్కకి తీసుకెళ్లి గొంతు పెంచకుండానే అన్నాడు: "రెండూ పేరు లేని సిమ్‌లే, ఇవాళ్టి నంబరు వేరైనా ముందు చేసినవాడే సిమ్ మార్చాడని పొరపడ్డాం మేడమ్. ఆ పేరు మీరు మొదటిరోజే చెప్పి ఉంటే ఇవాళ్టి ఫోన్‌ని మేం వేరేగా చూసేవాళ్లం." నేను తలదించుకున్నాను. మామయ్య నంబరు పక్కన పెట్టాక, మిగిలిన ఒక్క నంబరు ఎక్కడిదో వెతుక్కుంటూ వెళ్లారు. మర్నాడు సాయంత్రం కాలవ ఒడ్డున ఒక అద్దె గదిలో వాణ్ణి పట్టుకున్నారు. ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. ఈ బిల్లంటే వాడికి లెక్కే లేదట. పార్లమెంటులో ఉన్నవాళ్లందరి మీదా కోపమట, నేను దగ్గర్లో దొరికానట. పత్రికలో వేసిన తిరునాళ్ల ఫొటోలో ఈడీ పసుపు కోటు చూసి, స్కూలు దాకా వచ్చి చూసుకున్నాడు. గదిలో ఇంకేం దొరికాయో సార్జెంట్ మీ బావగారికి చెప్పాడు, నాకు చెప్పనివ్వలేదు మీ బావగారు. నేనూ అడగలేదు. వాడు ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

మామయ్యని కూర్చోబెట్టి అంతా రికార్డు చేసుకున్నారు. కేసు పెట్టాలా వద్దా అని ఇంకా తేలలేదు. నన్ను అడిగితే జరిగింది జరిగినట్టు సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన కౌన్సిల్‌కి రాజీనామా ఇచ్చేశాడు.

ఓటింగు ఈ బుధవారం జరిగింది. గంట మోగింది. కొద్ది నిమిషాల్లో తలుపులు మూసేస్తారు, ఈలోపు అవుననేవాళ్లు ఒక లాబీలోంచి, కాదనేవాళ్లు ఇంకో లాబీలోంచి నడవాలి, అదే ఓటు. రెండిటి మధ్యా నిలబడిపోయాను. ఇమోజెన్ దూరం నుంచి చూస్తోంది. మొదటి రెండు ఫోన్లూ ఎవరివో ఇప్పుడు అందరికీ తెలుసు, మామయ్యకి కావలసిన ఓటే నా మనసులో ఉన్న ఓటు. అటు నడిస్తే, నన్ను అంత భయపెట్టినందుకు ఆయనకి బహుమానం ఇచ్చినట్టు. ఇటు నడిస్తే ఆయన మీద కక్ష తీర్చుకున్నట్టు. వెల్ష్ సభ్యుడు ఒకాయన, ముసలాయన, పక్కనుంచి వెళ్తూ "చేతులు వణుకుతున్నాయి తల్లీ, నీళ్లు తాగుతావా?" అన్నాడు. "వణకనివ్వండి" అన్నాను. జూన్‌లో అయితే ఎటు వెళ్లేదాన్నో అటే వెళ్లాను. వెనకాల తలుపు మూసుకున్న చప్పుడుకి కూడా ఉలిక్కిపడ్డాను.

ఓడిపోయాం. కొద్ది తేడాతో కూడా కాదు. మన కౌన్సిల్ వచ్చే వసంతానికి ఉండదు. నన్ను పార్టీ కొంతకాలం పక్కన పెట్టింది. ఇమోజెన్ ఫోన్ చేసి ఆ మాట చెప్పి, "నీ కూతురు ఎలా ఉంది?" అని కూడా అడిగింది. బాగానే ఉందన్నాను. ఈడీ బాగానే ఉంది, కోటు మాత్రం నీలంది కొన్నాం. నేనే ఇంకా సరిగా లేను. శుక్రవారం లైబ్రరీకి వెళ్లాను, గ్లెనిస్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని అల్లిక పెట్టుకు కూర్చుంది. వచ్చినవాళ్ల మాటలు విన్నాను, పని చేశాను. వచ్చే శుక్రవారం కూడా వెళ్తాను. భయం తగ్గాక వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్లను.

నిన్న సాయంత్రం వీధితలుపు గంట మోగింది. నేను కన్నంలోంచి చూశాను. మామయ్య. వానలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గొలుసు తియ్యకుండా తలుపు తెరిచాను.

"నా కోసం వేశావా?" అని అడిగాడు.

"కాదు."

టోపీ మీద వాన నీళ్లు దులిపాడు. "మంచి పని చేశావు" అన్నాడు. టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు.

నేను పిలవలేదు. పిలవాలని నాలుక చివరిదాకా వచ్చింది, గొలుసు మీద చెయ్యి కూడా వేశాను. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆ తలుపు సందులోంచి చూస్తూ ఉండిపోయాను. నువ్వు ఆయనకి ఫోన్ చెయ్యి అన్నయ్యా. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ చెయ్యి. ఆ ఇంట్లో ఆయన ఒక్కడే ఉన్నాడు, మాట్లాడేవాళ్లు లేరు. నాకు ఇంకా చేతకావడం లేదు.

వదినకి నా ముద్దులు. జాగ్రత్త.

ఇట్లు,
గొలుసు వేసుకున్న తలుపు వెనకనుంచి,
నీ చెల్లెలు
రొవీనా